తాళం మేస్త్రీ మనవరాలు

జగదీశ్ సారు బడికి తయారై, టీ తాగుతూ నిన్నటి టపాలో వచ్చిన పిల్లల మాసపత్రిక తెరిచాడు. ఆయన కూతురు యమున వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు చెబుతూ, ఏడాదిగా ఈ పత్రికలో ‘మెరుపు మల్లి’ బొమ్మల కథ గీస్తోంది. 2007లో వాళ్ల ఊరు ఖిల్లా ఘణపూర్ పిల్లలందరికీ మల్లి తెలుసు. ఆమె చెయ్యి తాకితే ఎంతటి తాళమైనా ఊడిపడుతుంది. ఆమె శత్రువు తాళం మేస్త్రీ. అతని చూపు పడితే ఏ తలుపైనా మూసుకుపోతుంది.

ఈ నెల కథలో గుట్టు బయటపడింది. మల్లి ఆ మేస్త్రీ సొంత మనవరాలు!

మేస్త్రీ బొమ్మ చూసి జగదీశ్ చెయ్యి ఆగిపోయింది. మెలేసిన మీసం, భుజాన కంబళి, ఎడమ కనుబొమ్మ మీద గాటు. అచ్చం చనిపోయిన తన తండ్రి, ఒకప్పుడు కూలీలను దూరపు పనులకు తీసుకుపోయిన మేస్త్రీ నర్సింహులు.

“యమునా! ఇట్ల రా. ఇదేంది?”

యమున తల దించుకోలేదు. “తాతనే, నాయినా.”

“నీకెవరు చెప్పిండ్రు?”

“వనపర్తి బస్టాండ్ల ఒక ముసలాయన ఎవరి పిల్లవని అడిగిండు. తాత పేరు చెప్పిన. ‘ఆనకట్ట పనికని తోలుకపోయి, మమ్మల్ని రేకుల షెడ్డుల పెట్టి తాళమేసినోని మనవరాలివా’ అని లేసి పోయిండు. ఆ మొకం మర్వలేకపోతున్న.”

“గందుకని సచ్చినోన్ని రాక్షసున్ని చేస్తవా? ఆయన వచ్చి జవాబు చెప్తడా?”

“మల్లిది గూడ ఆయన రక్తమే నాయినా. అయినా తాళాలు తీస్తది. నేను గట్ల కావాలనే గీసిన.”

“ఇంకొక్క బొమ్మ గీసినవంటే, నీకూ నాకూ మాటల్లేవ్!”

వాకిట్లో బియ్యం ఏరుతున్న జగదీశ్ తల్లి పెంటమ్మ చేట పక్కన పెట్టి లోపలికి వచ్చింది.

“మాటల్లేవా? మీ నాయిన నీతోని పదేండ్లు మాట్లాడక ఏం బాగుపడ్డడురా జగదీశా?”

పెంటమ్మ పత్రిక అందుకుని, బొమ్మలన్నీ వేలితో తడిమి చూసింది.

“మీసం సరిగనే గీసినవ్ బిడ్డా. గానీ మేస్త్రీ కొడుకేడి?”

“చిన్నప్పుడే పోయిండని రాసిన అవ్వా.”

“పోలే. పంతొమ్మిదేండ్ల పిలగాడు తండ్రికి బట్టలియ్యనీకె ఆ ఆనకట్ట కాడికి పోయిండు. షెడ్డుల జ్వరాలతోని మూలుగుతున్నోళ్లను చూసిండు. తండ్రి మొలతాడుకున్న తాళంచెవి గుంజుకున్నడు. పద్నాలుగు మందిని మూడు దినాలు నడిపించుకుంట ఊరికి తెచ్చిండు. ఒకామెను ఈపు మీద మోసిండు.”

యమున తండ్రి వైపు తిరిగింది. ఇరవై నాలుగేళ్లుగా ఒక్క ఇంట్లో ఉండి కూడా ఆ మనిషిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టనిపించింది.

“నాకెన్నడూ ఎందుకు చెప్పలే నాయినా?”

జగదీశ్ టీ గ్లాసు కింద పెట్టాడు.

“చెప్తే నేను మంచోన్నయిత, మా నాయిన చెడ్డోడయితడు. నాకు గట్ల మంచోన్ని కావాలనిపియ్యలే బిడ్డా.”

యమున ఏడుస్తూ ఆయన చేతులు పట్టుకుంది. “నువ్వొద్దంటే ఈడికే ఆపేస్త.”

ఆయన పత్రికను మళ్లీ తీసుకున్నాడు. తండ్రి బొమ్మను చాలాసేపు చూశాడు.

“ఆపకు. గీయ్. గానీ ఆఖరుకు ఆయన కండ్లల్ల నీళ్లు గూడ గీయ్. పోయే దినం నా చెయ్యి పట్టుకున్నడు. మాటయితే రాలే. నీళ్లొచ్చినయ్. నేను చూసిన.”

రెండు నెలల తర్వాత ఆ బొమ్మ ఉన్న సంచిక వచ్చింది. జగదీశ్ సారు దాన్ని నాలుగో తరగతికి తీసుకుపోయి, బల్లమీద విప్పి పెట్టాడు. పిల్లలు ఎగబడ్డారు. ముసలి మేస్త్రీ కళ్లనిండా నీళ్లతో కొడుకు చెయ్యి పట్టుకున్న బొమ్మలో ఒక పిల్లవాడు ఆ కొడుకు మీద వేలు పెట్టాడు.

“సార్, తాళం తీసిన ఈయన నిజంగ ఉన్నడా?”

“ఉన్నడో లేడో గానీ,” అన్నాడు జగదీశ్. ఆ తర్వాతి మాట వరండా దాటి పక్క తరగతికి కూడా వినబడింది. “బొమ్మ గీసింది మాత్రం నా బిడ్డ!”