మూడో తూము దగ్గర పలకనివాడు

కలిదిండి అవతల చేపల చెరువుల్లో మూడో తూము పేరెత్తితే పట్టపగలే మాట తప్పిస్తారు. చీకటి పడ్డాక ఆ గట్టు మీద కాపలాకి మనిషి దొరకడం కష్టం. అక్కడ ఎవరో నిలబడి ఉంటాడట... పిలిస్తే పలకడట.

ఆ చెరువు అబ్బాయిరాజు గారిది. రాత్రిళ్ళు దాని మీద కన్నేసి ఉంచేది మాత్రం ఆయన కొడుకు సూర్యతేజ — అదీ చైనా నుంచి. నవ్వకండి, నిజమే. భార్య లక్ష్మీప్రసన్నకి ఛూజౌ అనే ఊళ్ళో యూనివర్సిటీలో రీసెర్చి దొరికితే వెంట వెళ్ళాడు. వాళ్ళ లెక్కకి అది చిన్న ఊరే; మన ఏలూర్లు రెండు మూడు పడతాయి. పదకొండో అంతస్తులో ఫ్లాటు, ల్యాప్‌టాప్‌లో హైదరాబాదు కంపెనీ పని. గుమ్మం దాటితే మూగవాడే. కూరగాయలమ్మే ముసలావిడ ఏదో అడుగుతుంది, ఇతను తల ఊపి నవ్వుతాడు, అంతే. ప్రసన్న ల్యాబునుంచి వచ్చేదాకా నోరారా తెలుగు మాట్లాడాలంటే అతనికి ఒకటే దారి — తూము దగ్గర పెట్టించిన కెమెరా, దానికున్న స్పీకరు. అక్కడ వాట్సాప్ మొరాయిస్తుందేమో గానీ ఆ కెమెరా యాప్ మొరాయించదు. అది చైనాదే మరి.

చెరువు గట్ల మీద ఒక పద్ధతుంది. రాత్రిపూట మనిషి కనబడితే "ఎవరది?" అని మూడుసార్లు అడుగుతారు. వచ్చినవాడు పేరూ ఊరూ చెప్పాలి. మూడోసారికీ పలక్కపోతే దొంగకిందే లెక్క.

పోయిన కార్తీకంలో ఒక రాత్రి తూము పక్కన ఒక మనిషి కనబడ్డాడు. రెండు చేతులూ గాల్లో ఊపుతున్నాడు.

"ఎవరది?" స్పీకర్లోంచి అడిగాడు సూర్యతేజ.

పలకలేదు. చేతులు ఇంకా గట్టిగా ఊపాడు.

రెండోసారి... మూడోసారి...

"దొంగేరా! నాగదుర్గారావూ, వదలకు... కొట్టు!"

నాగదుర్గారావు కాపలావాడు. రాజుగారబ్బాయి మాటంటే మారుమాట లేదు. గెడకర్ర ఎత్తి మొదటి దెబ్బ తల మీద వేశాడు. పక్క చెరువుల నుంచి మరో ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. పడిపోయినవాణ్ణి తన్నారు, పొడిచారు, దవడ విరిగేదాకా కొట్టారు. అంతసేపూ ఆ మనిషి ఒక్క కేక వెయ్యలేదు. అప్పుడైనా అనుమానం రావాలి కదా! రాలేదు. వేల మైళ్ళ అవతల మెత్తటి కుర్చీలో కూర్చుని, పళ్ళు బిగించి, "ఇంకా... ఇంకా" అంటూనే ఉన్నాడు సూర్యతేజ.

మనిషి చచ్చిపోయాడు.

తెల్లారి చూస్తే అతను పెద్దింట్లు అనే మనిషి. కొల్లేట్లో వలేసుకుని బతికేవాడు, పుట్టుమూగ. తూముకి కట్టిన వల తెగిపోయి చేపలు కాలవలోకి పోతున్నాయని చెప్పడానికి వచ్చాడు, పాపం.

కాలుజారి తూములో పడ్డాడని అబ్బాయిరాజు గారు ఊరందరికీ చెప్పారు. పెద్దింట్లు భార్య మంగాయమ్మ నమ్మలేదు. వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి నంబరు సంపాదించి సూర్యతేజకే ఫోన్ చేసింది.

"బాబూ, మీ కెమెరాలో కనబడే ఉంటది గదండీ. మా ఆయన ఎలాగ పోయాడో ఒక్క మాట చెప్పండి బాబూ..."

అతను పలకలేదు. ఆ వీడియో అతని ఫోన్లోనే ఉంది. చెప్పేద్దామనీ ఉంది, వారం రోజులు అన్నం సయించలేదు. తండ్రి మాత్రం ఒకటే మాట — "నోరెత్తావంటే నాగదుర్గారావుతోపాటు నువ్వూ జైలుకే." మంగాయమ్మ మళ్ళీ చేసింది. మూడోసారీ చేసింది. ఆవిడ అవతల ఏడుస్తుండగానే అతను వీడియో చెరిపేశాడు.

ఆ మర్నాడే ప్రసన్న పనిమీద షాంఘై వెళ్ళింది. ఫ్లాట్లో ఒక్కడే. ఛూజౌలో మూడయింది, కలిదిండిలో పన్నెండున్నర. ఫోను టింగుమంది — తూము దగ్గర ఏదో కదిలింది.

యాప్ తెరిచాడు. గట్టు ఖాళీ. పాకలోంచి నాగదుర్గారావు టార్చి పట్టుకుని వస్తున్నాడు. వచ్చి, కెమెరాకి ఎదురుగా నిలబడి... నేరుగా ఇతని మొహంలోకి చూశాడు.

"ఎవరది?"

సూర్యతేజకి నవ్వొచ్చింది. నేనేరా అందామని నోరు తెరిచాడు... నాలుక కదల్లేదు.

"ఎవరది?"

టార్చి వెలుగు కళ్ళలో గుచ్చుకుంది. పాదాల కింద నేల చల్లగా తగిలింది... తడిగా... బురదగా. లేచి నిలబడ్డాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. రెండు చేతులూ ఎత్తి ఊపాడు... ఇంకా గట్టిగా ఊపాడు...

"ఎవరది?"

గెడకర్ర లేచింది.

మొదటి దెబ్బ నడినెత్తి మీద పడింది. పుర్రె చిట్లిన చప్పుడు అతనికే వినబడింది. రెండో దెబ్బకి దవడ పక్కకి పోయింది, పళ్ళు నోట్లోనే రాలాయి. పడ్డాక డొక్కలో పొడిచారు — ఒకడు కాదు, ముగ్గురు. అరవాలని ఎంత ఉందో! నెత్తురే వచ్చింది గానీ అరుపు రాలేదు.

పొద్దున్న ప్రసన్న వచ్చేసరికి తలుపు లోపల గడియ వేసినట్టే ఉంది. పగలగొట్టించి ఆసుపత్రికి చేర్చింది. ఎవరు కొట్టారని పోలీసులు అడిగారు. అతను పలకలేదు. పరదేశి, భాష రాదు కాబోలనుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం అబ్బాయిరాజు గారి ఫోన్. ప్రసన్న స్పీకరు పెట్టి భర్త చెవి దగ్గర ఉంచింది.

"ఒరే సూర్యా, రాత్రి తూము దగ్గరికి మళ్ళీ ఒకడొచ్చాడంటరా. నాగదుర్గారావు మూడుసార్లు అడిగాడంట, పలకలేదంట. దవడ ఊడేట్టు కొట్టారు. తీరా చూస్తే మనిషి లేడు... గట్టు నిండా నెత్తురే." ఆయన గొంతు తగ్గించారు. "నాగదుర్గారావు జ్వరమొచ్చి పడుకున్నాడు. టార్చి వెలుగులో మొహం చూశాడంట. వాడు చెప్పేది నా నోట రావట్లేదురా... అది నీ మొహమేనంట."

ప్రసన్న తలతిప్పి మంచమ్మీద భర్త విరిగిన దవడకేసి చూసింది.

"సూర్యా...? ఒరే సూర్యా, వింటున్నావా...? పలకవేంరా?"