ఎడమ ట్యాంకు మూత

మెకానిక్ శవం మధ్యాహ్నం మూడింటికి దొరికింది. హ్యాంగర్ బయట, విమానం రెక్క కింద, వెల్లకిలా పడుకుని ఏదో రిపేరు చేస్తున్నట్టే ఉన్నాడు. చొక్కా మీద మాత్రం గుండీ అంత రంధ్రం. సైలెన్సర్ ఉన్న పిస్టల్. చప్పుడు ఎవరూ వినలేదు.

నాలుగున్నరకల్లా ఏజెంట్ పిచ్చుక హెడ్‌క్వార్టర్స్‌లో ఉన్నాడు. అది పళ్ళ డాక్టర్ క్లినిక్ పైన మూడు గదుల వాటా. కింద డ్రిల్లింగ్ మెషీన్ మొదలైనప్పుడల్లా చీఫ్ బ్రీఫింగ్ ఆపి, తన దవడ పట్టుకుంటాడు.

"గుప్పిట్లో ఇది ఉంది." చీఫ్ ఒక ప్లాస్టిక్ కవరు బల్ల మీదికి తోశాడు. అందులో నల్లటి చిన్న రింగు. "కోడ్ సెక్షన్ వాళ్ళు గంట సేపు చదివారు. సున్నా అన్నారు."

"అది రబ్బరు వాషర్ సార్. నా విమానం పెట్రోల్ ట్యాంకు మూతకి వేసేది. పాతవి ఎండిపోయి పగిలాయని నెల రోజులుగా తిడుతున్నాడు. కుడి మూతకి వేసేసి ఉంటాడు. ఇది ఎడమదానికి."

"అంటే క్లూ కాదా?"

"కాదు సార్. పని."

పిచ్చుక తల దించుకున్నాడు. అతని కవర్ స్టోరీ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్. విమానం మాత్రం కవర్ కాదు, సొంతం. నాలుగు సీట్ల పాత సింగిల్ ఇంజన్ విమానం. దాన్ని కొన్న రోజు మెకానిక్ అతని చేతిలో ఒక చిన్న పారదర్శకమైన గ్లాసు పెట్టాడు. "రోజూ ఎగిరే ముందు రెక్క కింద వాల్వు నొక్కి, ట్యాంకు అడుగు నుంచి ఇందులోకి పట్టి చూడు బాబూ. పెట్రోల్‌లో నీళ్ళుంటే అడుక్కి చేరతాయి. మన పెట్రోల్‌కి రంగు కలిపేది అందుకే. నీలం కనిపించందే నేల వదలకు." ఆరేళ్ళలో పిచ్చుక ఒక్కరోజు కూడా ఆ మాట దాటలేదు.

"మెకానిక్ మనవాడే," అన్నాడు చీఫ్. "నీకు తెలియదు. తెలియకూడదు కాబట్టి చెప్పలేదు."

కింద డ్రిల్లింగ్ మొదలైంది. ఇద్దరూ ఆగారు.

"సరిహద్దు అవతల మన మనుషులు నలభై మంది. వాళ్ళ పేర్లు, ఫోటోలు, అడ్రసులు ఒక మైక్రోఫిల్మ్‌లో పోయాయి. పట్టుకుపోయిన ముఠా దాన్ని రేపు పొద్దున నీ ఎయిర్‌ఫీల్డ్ నుంచి దాటిస్తుంది, నీ విమానంలోనే. రన్‌వే చివర నుంచి నది మూడు కిలోమీటర్లు. నది దాటితే వాళ్ళ దేశం. దాటిన గంటలో నలభై తలుపులు తడతారు."

"ఎవరు చెప్పారు సార్?"

"నెమలి. ముఠాలో మన డబుల్ ఏజెంట్. రేపు నీ దగ్గరికొస్తుంది. ఫైర్ షెడ్‌లో ఇరవై మంది కమాండోలు ఉంటారు. నువ్వు ఇంజన్ స్టార్ట్ చేయకుండా కాలక్షేపం చేస్తే చాలు." చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. "క్యాప్ తిప్పితే సిగ్నల్ వస్తుంది. జాగ్రత్త. కొత్త పెళ్ళికొడుకువి."

పెళ్ళై మూడు వారాలు. ఆ సాయంత్రం వాన మొదలై తెల్లవారే దాకా కురుస్తూనే ఉంది. పొద్దున అతను బూట్లు తొడుక్కుంటుంటే భార్య ఎర్రగుడ్డతో కుట్టిన చిన్న సంచీ లాంటిది చేతిలో పెట్టింది. వేలెడంత పొడవు, అంచున వంకర కుట్లు.

"ఏంటిది?"

"రెక్క కింద గాలి వేగం కొలిచే గొట్టం ఉంటుందని, దాంట్లో పురుగులు దూరకుండా టోపీ పెట్టాలని మీరేగా చెప్పారు? నా సవతికి టోపీ కుట్టాను."

విమానాన్ని ఆమె మొదటి రోజు నుంచీ సవతి అనే పిలుస్తోంది. అతను ఆ టోపీని తన బొటనవేలికి తొడిగి ఆడించాడు. ఆమె నవ్వింది. "ఏమండీ, త్వరగా రండి. ఈ వేళ కిటికీలకి కర్టెన్లు వేద్దాం. మీరు స్టూలెక్కండి, నేను పట్టుకుంటాను. నేనెక్కితే మీరు పట్టుకోరు, గిలిగింతలు పెడతారు."

"వస్తాను," అన్నాడు. అతని ఉద్యోగంలో అంతకంటే పెద్ద అబద్ధం లేదు.

* * *

ఎయిర్‌ఫీల్డ్ నీళ్ళు కారుతోంది. ఫైర్ షెడ్ తలుపులు మూసి ఉన్నాయి. పిచ్చుక విమానం దగ్గరికి రాగానే నల్ల కారు ఆగింది. ముందు దిగింది ఆకుపచ్చ సిల్కు గౌను, హై హీల్స్, ఎండ లేకపోయినా నల్ల కళ్ళద్దాలు. ఆమె వెనక అరవై ఏళ్ళ మనిషి, నెరిసిన జుట్టు, చంకలో ఫ్లయింగ్ స్కూల్ విద్యార్థుల లాగ్‌బుక్కు.

"ఈ విమానంలో కిటికీ పక్క సీటు దొరుకుతుందా?" అందామె. కోడ్ అదే.

"దీంట్లో అన్నీ కిటికీ పక్క సీట్లేనండి."

నెమలి చక్కగా నవ్వింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "ఆ పెన్ను ఇలా ఇవ్వండి. క్యాప్ తిప్పకండి, నాకూ అలాంటిదే ఇచ్చారు."

పిచ్చుక ఫైర్ షెడ్ వైపు చూశాడు.

"అందులో ఫైర్ ఇంజన్, ఇద్దరు ఫైర్‌మెన్ ఉన్నారు. నిద్రపోతున్నారు. మీ ఇరవై మంది దక్షిణపు ఎయిర్‌ఫీల్డ్‌లో తడుస్తున్నారు. ప్లాన్ మారిందని రాత్రి నేనే కబురు పంపాను. మీ కోడ్‌తో."

"మెకానిక్‌ని కూడా నువ్వేనా?"

"పాపం, మూత బిగించుకుంటున్నాడు. నన్ను చూసి 'ఎవరు కావాలమ్మా' అన్నాడు. చాలా మర్యాదస్థుడు."

చేతులకి ముందువైపు బేడీలు పడ్డాయి. నెరిసిన జుట్టాయన లాగ్‌బుక్కు అవతల పారేశాడు. "విద్యార్థి వేషం చాలు. నేను కెప్టెన్‌ని. మూడొందల మందిని ఎక్కించుకుని సముద్రాలు దాటాను. ఈ అగ్గిపెట్టె ఒక లెక్కా? టవర్ వాడికి నీ గొంతు తెలుసట. అందుకే నువ్వు మాతో వస్తున్నావు. నది దాటాక దిగిపోదువుగాని."

"ల్యాండయ్యాకా?"

"అంత తీరిక ఉండదేమో," అంది నెమలి.

మైక్రోఫిల్మ్ ఉన్న ఉక్కు పెట్టె ఆమె ఒళ్ళో చేరింది. టిఫిన్ డబ్బా అంత ఉంది. నలభై మంది అందులో పట్టారు.

ఇక చేసేదేమీ లేదు. సాయం రాదు, సిగ్నల్ లేదు, పరిగెత్తితే వీపులో గుండు. అయినా పిచ్చుక చేతులు అలవాటు మానలేదు. రెక్క కింద గొట్టానికున్న పాత తొడుగు తీశాడు. జేబులోంచి గ్లాసు తీసి బేడీల చేతులతోనే వంగాడు.

"ఏం చేస్తున్నావ్?" కెప్టెన్ కాలర్ పట్టుకున్నాడు.

"పెట్రోల్ చెక్. చేయకుండా నేను ఎక్కను. కావాలంటే ఇక్కడే కాల్చుకోండి."

"చేసుకోనీ," అంది నెమలి. "రోజూ చేస్తాడు. చేయకపోతే టవర్ వాడు అదేమిటని అడుగుతాడు."

కుడి ట్యాంకు. లేత నీలం. పిచ్చుక దాన్ని కెప్టెన్‌కి చూపించి పారబోశాడు. ఎడమ ట్యాంకు. గ్లాసు నిండింది. పైకెత్తి ఆకాశం వైపు పెట్టి చూశాడు.

రంగు లేదు. నీలం గీత కూడా లేదు. గ్లాసు నిండా నీళ్ళే.

మెకానిక్ గుప్పిట్లో మిగిలిపోయిన రబ్బరు రింగు గుర్తొచ్చింది. ఎడమ మూత పగుళ్ళలోంచి రాత్రంతా కురిసిన వాన. ఇంకా ఎన్ని గ్లాసులున్నాయో దేవుడికే తెలియాలి.

కెప్టెన్ గ్లాసు లాక్కుని వెలుతురులో తిప్పాడు. "ఇది శుభ్రంగా ఉంది. మరి ఆ కుడిదానికి రంగేంటి? ఏం కలిపావ్?"

జెట్ విమానాల ఇంధనానికి అలా రంగు వేయరు. ఈ మనిషి జీవితమంతా జెట్లే నడిపాడు. అక్కడ ట్యాంకుల కింద వంగి చూడడానికి వేరే మనుషులుంటారు. కెప్టెన్లు కాఫీ తాగుతారు.

పిచ్చుకకి అంతా ఒక్క క్షణంలో అర్థమైంది. కానీ అదే క్షణంలో కర్టెన్లు గుర్తొచ్చాయి, స్టూలు పట్టుకునే రెండు చేతులు గుర్తొచ్చాయి. బతకాలనిపించింది. నోరు తనంతట తనే తెరుచుకుంది.

"నీలంగా ఉన్నదే మంచి పెట్రోల్. ఎడమదాంట్లో నీళ్ళున్నాయి. కుడి ట్యాంకు మీద వెళ్ళండి."

కెప్టెన్ పకపకా నవ్వాడు. "విన్నావా మేడమ్? రంగు కలిపిన ట్యాంకు మీద వెళ్ళమంటున్నాడు! ఇరవై వేల గంటలు ఎగిరినవాడికి పాఠం చెబుతున్నాడు!"

"అబద్ధం చెప్పడం అతని వృత్తి," అంది నెమలి. "ఎడమదే పెట్టండి."

పిచ్చుకకి సిగ్గేసింది. నలభై మందిని అమ్మేయబోయాడు, ఒక కర్టెన్ కోసం. మళ్ళీ నోరు విప్పలేదు.

కెప్టెన్ ఎడమ సీట్లో, పిచ్చుక పక్కన, వెనక నెమలి. ట్యాంకు సెలెక్టర్ ఎడమకి తిరిగింది. స్టార్టర్. ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. ఇంజన్‌కి వెళ్ళే గొట్టంలో నిన్నటి మంచి పెట్రోల్ మిగిలి ఉంటుంది, అయిపోతుంది, అనుకున్నాడు పిచ్చుక. ట్యాక్సీయింగ్. అయిపోలేదు. మెడకి పిస్టల్ చల్లగా తగిలింది. అతను మైక్ నొక్కి టేకాఫ్ పర్మిషన్ అడిగాడు.

"గుడ్ మార్నింగ్ పెళ్ళికొడుకు గారూ!" టవర్ కంట్రోలర్ గొంతులో ఆవలింత. "ఇంత పొద్దున్నే ఇల్లు వదిలారంటే అప్పుడే గొడవా?"

"గొడవేం లేదండి."

"ఉంటుంది లెండి, తొందరేముంది? క్లియర్డ్ ఫర్ టేకాఫ్."

టేకాఫ్ ముందు ఇంజన్ పవర్ పెంచి ఒక నిమిషం పరీక్షించాలి. కెప్టెన్ ఆ పని కూడా చేయలేదు. రన్‌వే వెనక్కి పరిగెత్తింది. చక్రాలు నేల వదిలాయి. రెండొందల అడుగులు. మూడొందలు. ఇంజన్ పాట పాడుతున్నట్టుంది. ఆరేళ్ళు అది ఆగకుండా ఉండాలని మొక్కుకున్నవాడు ఇప్పుడు ఆగమని బతిమాలుతున్నాడు. అది వినలేదు. ఐదొందలు. ఎదురుగా చెట్ల వరస, దాని వెనక మెరుస్తూ నది. అవతలి ఒడ్డున మూడు జీపులు.

నీళ్ళు కూడా మోసం చేశాయి, అనుకుని పిచ్చుక కళ్ళు మూసుకున్నాడు.

ఇంజన్ దగ్గింది.

మళ్ళీ దగ్గింది. తర్వాత నిశ్శబ్దం. ప్రొపెల్లర్ ఊరికే గాలికి తిరుగుతోంది.

"ఏంటది? ఏమైంది?" నెమలి అరిచింది.

కెప్టెన్ ముఖం సున్నం కొట్టినట్టయింది. అయినా రంగున్న కుడి ట్యాంకుకి మార్చకుండా విమానం ముక్కు కొంచెం దించాడు. "గ్లైడ్ చేస్తాను. ఎత్తు సరిపోతుంది. నది దాటేస్తాం."

నిజమే. దాటేస్తారు. పిచ్చుక లెక్క కట్టాడు. ఈ విమానం ఎంత దూరం జారుతుందో అతనికి అంగుళాలతో సహా తెలుసు. జీపుల పక్కనే, మెత్తగా దిగుతుంది. ఇంత చేసీ నలభై తలుపులు తడతారు.

చెట్లు కిందనుంచి వెళ్ళిపోయాయి. ఇవతలి ఒడ్డున బురద పొలం ఒక్కటే మిగిలింది.

రెండు సీట్ల మధ్య ఫ్లాప్స్ లీవర్ ఉంటుంది. ల్యాండింగ్ అప్పుడు దాన్ని లాగితే రెక్కల వెనక పలకలు కిందికి వంగి విమానాన్ని గాలిలో పట్టి ఆపుతాయి. పిచ్చుక బేడీల చేతులు రెండూ దాని మీద వేసి, ఉన్న బలమంతా పెట్టి చివరిదాకా లాగాడు. మోకాళ్ళతో కంట్రోల్ వీల్‌ని ముందుకి తోశాడు.

విమానం గోడకి గుద్దుకున్నట్టు వేగం కోల్పోయి బురదలోకి దిగిపోయింది. పిస్టల్ పేలింది, పైకప్పులో ఆకాశం కనిపించింది. ముక్కు చక్రం విరిగింది. ఎడమ రెక్క ఒక గట్టుకి తగిలి, మూతతో సహా ఊడిపోయింది. కొట్టుకుంటూ, చీల్చుకుంటూ, నదికి ముప్ఫై అడుగుల ఇవతల ఆగింది.

కెప్టెన్ డ్యాష్‌బోర్డ్ మీద తల వాల్చి మూలుగుతున్నాడు. నెమలి పెట్టెతో దూకింది. నాలుగడుగులు వేసింది. ఐదో అడుగుకి హై హీల్ బురదలో దిగబడి బోర్లా పడింది. లేస్తుండగా ఫైర్ ఇంజన్ వచ్చేసింది.

"భయపడకండమ్మా, మీకేం కాదు!" ఇద్దరు ఫైర్‌మెన్ ఆమెని కాళ్ళూ చేతులూ పట్టుకుని స్ట్రెచర్ మీదికెక్కించి పట్టీలు బిగించేశారు. "నా పెట్టె! నా పెట్టె!" అని ఆమె గింజుకుంటుంటే ఒకడు ఆ పెట్టె తెచ్చి పిచ్చుక ఒళ్ళో పెట్టాడు. "ఇదిగోండి సార్. భార్యాభర్తలు వస్తువుల గురించి తర్వాత చూసుకోవచ్చు."

* * *

మధ్యాహ్నం, పళ్ళ డాక్టర్ పై వాటా. పిచ్చుక ఎడమ చెయ్యి కట్టులో ఉంది.

"ముప్ఫై తొమ్మిది మంది బతికారు," అన్నాడు చీఫ్. "జాబితాలో మొదటి పేరు మెకానిక్‌ది. రిటైరై వచ్చినా తీసేయలేదు."

"మైక్రోఫిల్మ్‌కి ఇంకో కాపీ లేదు కదా సార్?"

చీఫ్ దవడ పట్టుకున్నాడు. కింద డ్రిల్లింగ్ ఏమీ లేదు. "ఎప్పుడూ ఉంటుంది. ఎప్పుడు బయటపడుతుందన్నదే తెలియదు." ఒక కాగితం ముందుకు జరిపాడు. "బయటికి చెప్పాల్సిన కథ. సంతకం పెట్టు."

పిచ్చుక చదివాడు. 'ప్రమాదానికి కారణం యజమాని అజాగ్రత్త. ఎగిరే ముందు ట్యాంకులో నీళ్ళున్నాయేమో పరీక్షించలేదు. ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సు రద్దు.'

కాగితం వెనక్కి తోశాడు. "సార్, ఇంకేదైనా రాయండి. తాగి నడిపానని రాయండి."

"ఇదే నమ్ముతారు. సంతకం."

ఇంటి తలుపు తీసిన భార్య కట్టు చూసింది, అతని ముఖం చూసింది. అతను జేబులోంచి ఎర్ర టోపీ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. వంకర కుట్ల ఆ టోపీ మడత ఇంకా నలగలేదు.

"నీ సవతి పోయింది."

ఆమె టోపీని గుప్పిట్లో బిగించింది. కళ్ళు తుడుచుకుంది. "ఎలా?"

"ట్యాంకులో నీళ్ళున్నాయి. చూసుకోలేదు."

"ఒక్క గ్లాసు పట్టి చూసుకోలేకపోయారా? మెకానిక్ గారు ఉండి ఉంటే చెవి మెలేసేవారు!" అంటూ ఆమె స్టూలు తానే తెచ్చుకుని, తానే ఎక్కింది. ఒంటి చేత్తో స్టూలు పట్టుకుని పిచ్చుక లెక్క చూసుకున్నాడు. ఈ రోజు ఒకసారి నిజం చెప్పాడు, ఒకసారి అబద్ధం చెప్పాడు. నిజాన్ని శత్రువులు చస్తే నమ్మలేదు. అబద్ధాన్ని పెళ్ళాం ఇట్టే నమ్మేసింది.