తగ్గించిన గొంతు

టోక్యో నుంచి బక్కపలచటి మనిషొకడు దిగాడనీ, చేప కొనడానికి రెండు రైళ్లు మారి ఎవడూ రాడనీ, వచ్చింది చేపల కొట్టు చిజురు కోసమేననీ పక్కింటి తోమెగారు మురకామి ఊళ్లో వీధివీధికీ చెప్పిందట. ఈసారి ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

ఆ వచ్చిన సోషి వానలో తడిసి, కొట్టు చూరుకు వేలాడే ఉప్పు సాల్మన్ల కింద నిలబడ్డాడు. ఒక తోక చెవికి తగిలింది.

"చేప కావాలా అండీ, చూరు కావాలా?" అంది చిజురు, కత్తి తుడుస్తూ.

"నిన్ను చూస్తే చాలనుకున్నా."

"చూడ్డం ఉచితమే. తోమెగారు రోజూ చూస్తారు."

లోపల ఆమె నాన్న కిసుక్కున నవ్వాడు.

నాలుగేళ్ల కిందట టోక్యోలో చిజురు, అకిహో అనే మరో గాయని కలిసి ఒక పాట పాడారు. ఇద్దరివీ వేర్వేరు పాటల కంపెనీలు. ఎవరికెన్ని పంక్తులో, ఎవరి పేరు ముందో, ఫోటోలో ఎవరు కుడివైపో అన్నీ కాగితం మీద రాసుకున్నారు. ఎవరి గొంతు ఎంత వినపడాలో మాత్రం రాయలేదు. అది స్టూడియోలో సోషి పని.

గాయనులకు ప్రేమలు కూడదని కంపెనీల కట్టడి. చిజురు, సోషి అప్పటికి ఏడాదిగా దొంగచాటుగా కలిసి నూడుల్స్ తింటున్నారు. చిజురు గొంతు కాస్త పైకొస్తే, తను ఆమె పక్షమని ఎవరైనా పసిగడతారని సోషి భయం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె గొంతు తగ్గించాడు. ఇంకాస్త తగ్గించాడు.

పాట ఊరూరా మోగింది. జనం అకిహో వెంట పడ్డారు. చిజురును వెనకపాట పాడిన పిల్ల అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి కంపెనీ ఆమెను వదిలేసింది. తన గొంతే పలచన అనుకుని ఆమె చేపల కొట్టుకు వచ్చేసింది. సోషి నోరు విప్పలేదు.

ఇవాళ విప్పాడు. అంతా చెప్పి, సంచిలోంచి సీడీ తీసి కొట్టులోని పాత ప్లేయర్లో పెట్టాడు. "అదే పాట. నీ గొంతు ఉన్నదున్నట్టు పెట్టా."

పాట మొదలైంది. ఉప్పు రుద్దుతున్న నాన్న చెయ్యి ఆగింది. గడపలోకొచ్చిన తోమెగారు, "ఇంత గొంతా మన పిల్లది?" అంది.

చిజురు పాట చివరిదాకా విని, తనే ఆపింది.

"నిన్ను కాపాడాలనే చేశా," అన్నాడు సోషి. "తప్పే. పెళ్లి చేసుకుందాం చిజురూ. ఇకమీదట జాగ్రత్తగా చూసుకుంటా."

"ఒక్క పాట నీ చేతిలో పెడితేనే నన్ను ఇంత తగ్గించావు. ఇప్పుడు బతుకంతా పెట్టమంటున్నావా?"