అక్కర్లేదన్న మాట

“కుక్కల పేజీలో కుందేలుని ఎవరు పెట్టారండీ?”

డాక్టరు తలెత్తి చూశాడు. నీళ్ళు కారుతున్న గొడుగుతో గుమ్మంలో ఒకమ్మాయి. వీధిపాలైన జంతువులకి వైద్యం చేసి, పెంచుకునేవాళ్ళకి అప్పగించే ఆ షెల్టర్ అతని అక్కది. షెల్టర్ వెబ్‌సైటు నడపడం అతనికి నేర్పడానికి ఓ కంపెనీ నుంచి టీచరు వస్తుందని పొద్దున్నే చెప్పింది అక్క.

“నేనేనండీ. దానికీ చెవులు పొడుగేగా!”

“అయితే గాడిదని కూడా అక్కడే పెట్టేయండి, ఓ పనైపోతుంది.”

పశువుల డాక్టరుకి మొదటిరోజే తగిన టీచరు దొరికిందని అక్క పడీపడీ నవ్వింది.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చునేవారు. అడ్రసులాంటివి పేజీలో ఉండాలి, రోజువారీ కబుర్లు పోస్టుల్లోకి పోవాలి. కేటగిరీ అంటే అల్మరా, ట్యాగ్ అంటే వస్తువుకి అంటించిన చీటీ. ఇంత విడమర్చి చెప్పినా అతని పోస్టులన్నీ ‘ఇతరాలు’లోనే పడేవి. ఓసారి మెనూ సర్దబోయి హోమ్ పేజీనే ఎగరగొట్టాడు.

“ఆపరేషన్లు కూడా ఇలాగే చేస్తారా?”

“వాటికి అన్‌డూ ఉండదండీ. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తాను.”

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక తల అటు తిప్పుకుంది. అతనికి ఆ పూట నేర్చుకున్నదొక్కటీ గుర్తులేదు.

ఒంటికన్ను పిల్లి గురించి అతను రాసినది చదివి పెదవి విరిచింది. “‘ఆడపిల్లి, ఒక కన్ను లేదు, టీకాలు వేశాం.’ ఇదేమన్నా పోలీసు రిపోర్టా? అసలది ఏం చేస్తుందో చెప్పండి.”

“నా కోటు మీదెక్కి పడుకుంటుంది. లేపితే అలుగుతుంది. బతిమాలితే గానీ పాలు ముట్టదు.”

“అదే రాయండి మరి!”

రాశాడు. వారం తిరక్కుండానే ఓ ముసలాయన వచ్చి పిల్లిని గుండెలకి హత్తుకుని తీసుకెళ్ళాడు. ఆ సంతోషంలో ఆమె అతని చెయ్యి పట్టుకుంది. వెంటనే వదలలేదు కూడా.

ఇక అతనికి పట్టుదల పెరిగింది. ఆమె చేత శెభాష్ అనిపించుకోవాలని తెల్లవారుజామునే లేచి సాధన చేసేవాడు. ఫోటోల సైజు తగ్గించడం, పోస్టుని ముందే రాసిపెట్టి టైముకి పబ్లిష్ అయ్యేలా చేయడం, అన్నీ పట్టేశాడు. ఆమెకి మాత్రం చెప్పలేదు. ఒక్కసారే ఆశ్చర్యపరచాలని!

ఆ రోజు అక్క ఇద్దరినీ గదిలోకి పిలిచింది. “ఒరేయ్, ఈ అమ్మాయిని ఇంకొన్నాళ్ళు రమ్మందామా? నీకెంతవరకు వచ్చింది?”

అతని గుండె పొంగింది. “ఎందుకక్కా? మొత్తం వచ్చేసింది. ఇక ఈవిడ అక్కర్లేదు.”

శెభాష్ కోసం ఆమె వైపు తిరిగాడు. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. “సంతోషమండీ,” అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

“అదేంట్రా!” అక్క విస్తుపోయింది. “నీకు బొత్తిగా రాలేదని, ఇంకో మూణ్ణెల్లు నేర్పాలని నిన్ననే నా దగ్గరికొచ్చి మరీ చెప్పిందే!”

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం. అతను గబగబా ఫోన్ తీశాడు.

ఆమె ఎత్తలేదు. వారమంతా చేసిచేసి, చివరికి వాళ్ళ ఆఫీసుకే పరిగెత్తాడు. ఆమె బల్ల మీది సామాను పెట్టెలో సర్దుకుంటోంది.

“వేరే ఊరి బ్రాంచికి వెళ్తున్నాను, రెండేళ్ళకి. ఆ సాయంత్రమే ఒప్పుకున్నాను.”

“మీరు కావాలి. సైటుకి కాదు, నాకు.”

ఆమె చేతులు ఆగిపోయాయి. “మీకు చాలావరకు వచ్చేసిందని తెలిసే, మీ కోసం మీ అక్కయ్యగారికి అబద్ధం చెప్పాను డాక్టరు గారూ. ఆవిడ ముందు ఎంత సిగ్గుపడ్డానో తెలుసా? ఇదే మాట ఆ గదిలో అనుంటే... ఈ బదిలీకి సంతకం పెట్టేదాన్నే కాదు.”

“మెప్పించాలనుకున్నానండీ. అంతే.”

“నన్ను మెప్పించనక్కర్లేదండీ.”

బయట వాన. పెట్టె తనే మోసి కారులో పెట్టాడు. తడుస్తూ నిలబడ్డాడు. కారు కదిలి, నాలుగడుగులు వెళ్ళి ఆగింది. అద్దం దిగింది.

“ఫోన్ చేయండి, ఎత్తుతాను. కానీ రెండేళ్ళలో నా మనసు ఎటు పోతుందో మాటివ్వలేను.”

అతను తలూపాడు. ఈసారి తొందరపడి ఒక్కమాటా అనలేదు. కారు మలుపు తిరిగేసరికి, అనాల్సినవన్నీ గొంతు దాకా వచ్చాయి.