అచ్చాయమ్మ తలుపు గొళ్లెం

పిల్లలూ, నిన్న ఆటలో చెల్లెలు యామినిని గదిలో పెట్టి బయట గడియ వేశారు. అడిగితే తీసేశామన్నారు. మన ఇళ్లలో ఎవరూ ఎత్తని పేరు ఒకటుంది. మస్కట్‌లో కూర్చుని ఇవాళ నేను ఎత్తుతున్నాను.

మా అచ్చాయమ్మ పెద్దమ్మ, తనని చంపబోయిన మొగుణ్ణి కొబ్బరికాయలు ఒలిచే గునపంతో కొట్టింది. అతను చచ్చిపోయాడు. జైలు నుంచి వచ్చాక అల్లవరం దగ్గర తండ్రి ఇచ్చిన స్థలంలో పాక వేసుకుని కొబ్బరి పీచుతో తాళ్లు పేనేది. ఊరు ఆమెని గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. తాళ్లు మాత్రం కొనుక్కునేది.

జైల్లో పొద్దుగూకగానే బయట తాళం వేసేవారట. ఆ చప్పుడు వినకపోతే ఆమెకి నిద్ర పట్టేది కాదు. "తమ్ముడూ, గొళ్లెం పెట్టేసి పో," అనేది. ఏడుకొండలు మావయ్య రోజూ పెట్టి, తెల్లారి తీసేవాడు. ఆ స్థలం మీద అతని కన్ను.

తొంభై ఆరు తుఫాను సాయంత్రం ఊరంతా బడిలో చేరాం.

"మావయ్యా, పెద్దమ్మ తలుపు తీసేరా?"

"ఆయ్, తీసేనమ్మా. ఎటో వెళ్లిపోయింది."

"జైలుకే బెదరలేదు, గాలివాన ఎంతండీ ఆవిడకి," అని ఎవరో నవ్వారు.

తెల్లారితే సముద్రపు ఉప్పునీళ్లు ముంచి కూల్చిన పాకలో తలుపొక్కటే నిలబడి ఉంది. గొళ్లెం పెట్టే ఉంది. వెనక పెద్దమ్మ… వేళ్లకి గోళ్లు లేవు. అందరూ చూశారు. ఒక్కరూ అతన్ని అడగలేదు. నాకు ఆ ఊరి మీద ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్కడే మావయ్య డాబా కట్టాడు. ఏ తలుపుకీ బయట గొళ్లెం పెట్టించలేదు. ఏడాది తర్వాత ఒక సాయంత్రం, మొహం మీదే అడిగేద్దామని వెళ్లాను. అతను గదిలో పడుకుని ఉన్నాడు. నేను వరండా ఎక్కాను. కరెంటు పోయింది. తడి పీచు వాసన… పెరట్లో తాడు పేనే రాట్నం తిరుగుతున్న చప్పుడు… గది తలుపు మూసుకుంది. బయట ఇనప గొళ్లెం జారిన చప్పుడు.

"అమ్మాయ్… తలుపు తియ్యి."

తోశాను. గొళ్లెం లేని తలుపు. కదల్లేదు.

"అక్కా… తియ్యవే…"

నా చెవి పక్కనే, నెమ్మదిగా: "తీసేనుగా తమ్ముడూ."

ఊరంతా వచ్చి గునపాలతో పొడిచినా తలుపు రాలేదు. తెల్లారగానే దానంతటదే తెరుచుకుంది. పొడి గచ్చు మీద మావయ్య చచ్చి పడి ఉన్నాడు. బట్టల నుంచి ఇంకా ఉప్పునీళ్లు కారుతున్నాయి.

నిన్న నేను పరుగెత్తుకొచ్చేసరికి యామిని గది గడియ తీసే ఉంది. మీరెవరూ తియ్యలేదు. గడియకి తడి పీచు చుట్టుకుని ఉంది…

రేపు మీ పిల్లలకి ఈ కథ చెప్పండి. ఆమె పేరుతో సహా చెప్పండి.