తిరగబడ్డ గుండె బొమ్మ

"ఈ గుండె ఎవరిదండీ? మనిషిదేనా?"

ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట అది!

కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అసిస్టెంటుగా చేరి అప్పటికి నాకు పది రోజులు. ఆమె ఫస్టియర్ స్టూడెంట్. చూపు లేదు. "బొమ్మల ప్రశ్నలు వదిలెయ్యమ్మా, మార్కులు మేమే కలిపేస్తాం" అని హెడ్ సార్ జాలిగా అంటే, "నేర్చుకోకుండా వచ్చే మార్కులు నాకెందుకు సార్?" అందట. ఆయనకు మండింది. శుక్రవారం తన ముందు గుండె బొమ్మను వేళ్లతో తడిమి చదివి వివరించాలి, లేదంటే వేరే గ్రూపుకు మారిపోవాలి అన్నారు.

ఉబ్బెత్తు బొమ్మ తయారుచేసే పని నామీద పడింది. మందపాటి కాగితాన్ని రబ్బరు షీటు మీద పెట్టి మొద్దు సూదితో నొక్కితే, గీతలు అటువైపు ఉబ్బుతాయి.

"చార్టులో ఉన్నదే దించాను," అన్నాను రోషంగా.

ఆమె చూపుడువేలు కాగితం మీద అలా జారింది. నాలుగంటే నాలుగు సెకన్లు!

"మందం గోడ ఎడమ జఠరికది కదా. ఎదుటి మనిషి ఎడమ మన కుడివైపు రావాలి. మీ బొమ్మలో ఎడమవైపే వచ్చింది. వెనకనుంచి నొక్కారా?"

"అవును..."

"మరి తిరగబడదూ? అందుకే మేం బ్రెయిలీ కుడి నుంచి ఎడమకి రాస్తాం. మా ఒకటో క్లాసు పాఠం అండీ ఇది!"

డిగ్రీ చదివినవాణ్ణి, నోరెళ్లబెట్టాను.

నాలుగు రోజులు ఇద్దరం కూర్చుని కొత్త బొమ్మ చేశాం. శుక్రవారం పొద్దున దాన్ని బ్యాగులో పెట్టుకుని పరిగెత్తుకొస్తుంటే వాన! కాగితం నాని, గీతలన్నీ అణిగిపోయాయి. హెడ్ సార్ వాచీ చూసుకుంటున్నారు. బొమ్మ తడిసి పాడైందని ఆమె చెవిలో చెప్పాను.

"కంగారెందుకు? ఉత్త కాగితం ఇవ్వండి," అందామె.

నొక్కడం మొదలుపెట్టింది. వెనకనుంచి, మొత్తం తిరగేసి, బుర్రలో ఉన్న గుండెని! ఒక్కచోట కూడా ఆగలేదు. కాగితం తిప్పింది. ప్రతి గది, ప్రతి నాళం దాని చోట అది ఉంది!

హెడ్ సార్ కళ్లు మూసుకుని వేలు పెట్టారు. ఒక మలుపు దగ్గర దారి తప్పారు.

"ఇది ఎటు పోతుందమ్మా?"

"ఊపిరితిత్తులకు సార్. కుడి జఠరిక నుంచి."

ఆయన కళ్లు తెరిచారు. తర్వాత నావైపు తిరిగి, "పరీక్షలో ప్రతి బొమ్మకీ ఇలాంటి షీటు ఉండాలయ్యా. చూపులేని పిల్లలందరికీ. నువ్వు చేస్తావు, ఈ అమ్మాయి సరిచూస్తుంది," అన్నారు.

మెట్ల దగ్గర వాన ఇంకా తగ్గలేదు. జేబులోంచి చిన్న కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆ నాలుగు రోజులూ రహస్యంగా నేర్చుకున్న బ్రెయిలీ. ఒకే ఒక్క వాక్యం: మీరంటే నాకు చాలా ఇష్టం.

ఆమె గొడుగు తీసుకుని కాగితం మీద పట్టాను. నేను తడిస్తే తడిశాను, ఈసారి అక్షరాలు అణగకూడదు!

గుండెనంతా నాలుగు సెకన్లలో చదివేసిన ఆ వేలు, ఇప్పుడు ఎంత నెమ్మదిగా కదులుతోందో! చివరిదాకా వెళ్లింది. మళ్లీ మొదటికొచ్చింది.

"ఏంటండీ... అర్థం కాలేదా?"

"అప్పుడే అర్థమైంది," అంది. వేలు మాత్రం ఆగలేదు. "మళ్లీ చదువుకుంటున్నా. గొడుగు సరిగ్గా పట్టుకోండి."