అడుగంటిన శనివారం

ఆ శనివారం పొద్దున నెవేనా లేచి చూసేసరికి వంటగదిలో కాలు పెట్టే చోటు లేదు. గుమ్మం నుంచి పొయ్యి దాకా మిరపకాయల బస్తాలే. అరచేతంత ఎర్రటి కాయలు. ఆ ఊళ్ళో మిరపకాయలకి కారం ఉండదు, ఆ లోటు మొగుళ్ళు తీరుస్తుంటారు.

"పొద్దున్నే సంతకెళ్ళొచ్చా," అన్నాడు మొగుడు స్టామెన్. రైల్వేలో పని మానేసి చాలా కాలమైనా ఇంకా మొదటి బండి వేళకే లేచే మనిషి. "మంచి సరుకు. రేపటికి మెత్తబడతాయి. ఇవాళే కాల్చాలి, ఒలవాలి, ఉడికించాలి."

"ఇవాళ శనివారం."

"మిరపకాయలకి వారాలు తెలీవు."

నెవేనా బస్తా మీదే కూలబడింది. వారమంతా బట్టలు కుట్టే కర్మాగారంలో నడుం విరిగేలా పని. శనివారం సాయంత్రం ఒక్కటే ఆమెది. ఊరందరూ కూడే చదువులింట్లో, గ్రంథాలయం వెనకగదిలో, రాసేవాళ్ళు నలుగురైదుగురు కూడతారు. ఒక్కొక్కరికీ ఒక్కో శనివారం చదివే వంతు. అంతకుముందు ఏళ్ళ తరబడి అంట్లు తోమాక ఒక్కతే రాసుకునేది. కలం పడితే కాలం చాలదు, కాలం దొరికితే కలం కదలదు. రాసినదాన్ని ఎవరికి చూపించాలో తెలిసేది కాదు.

వంతు వచ్చినప్పుడల్లా భయపడి పక్కవాళ్ళకి ఇచ్చేసింది. కానీ ఒకరోజు ఇంటికి నడిచొస్తూ తన కథని ఇస్క్రాకి నోటితో చెప్పింది. పళ్ళ డాక్టరుగా చేసి మానేసిన ఇస్క్రా దారిలో ఆగిపోయి, "మరి ఆయన టోపీ ఎందుకు తియ్యలేదు?" అంది. తను పుట్టించిన మనిషి గురించి ఇంకో మనిషి ఆరా తియ్యడం నెవేనాకి అదే మొదటిసారి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ శనివారం తన వంతు ఎవరికీ ఇవ్వనని అప్పుడే అనుకుంది.

బాల్కనీలో కాయలు కాలుతున్నాయి. అత్తగారు డోంకా వంకర్లు తిరిగిన వేళ్ళతో గింజలు తీస్తోంది.

"అమ్మా, మీరు వదిలెయ్యండి. సాయంత్రం ఒక్క గంట వెళ్ళొచ్చి నేను చేస్తా," అంది నెవేనా.

"గంటలో పొయ్యి ఆగదు," అన్నాడు స్టామెన్. "అయినా వాళ్ళంతా నీకేమవుతారు?"

"వినేవాళ్ళవుతారు."

"నేను చెవిటివాణ్ణా?"

"ఎప్పుడైనా అడిగావా, ఏం రాస్తున్నావని?"

"అడగడం దేనికి? మొన్న బేకరీలో ఇస్క్రా అననే అంది, 'స్టామెన్, ఇంకా కిటికీ దగ్గర నిలబడుతున్నావా' అని. మొగుణ్ణి నవ్వులపాలు చెయ్యడానికి అంత దూరం నడవాలా? బాల్కనీలోంచి అరిచినా సరిపోయేదిగా. అంతగా రాసుకోవాలనుంటే రొట్టె మీద పచ్చడి రాసుకో, చలికాలం పొడుగునా పనికొస్తుంది."

"ఒరేయ్," అంది డోంకా, తలెత్తకుండా.

పోట్లాటకీ ఓపిక కావాలి. నెవేనా లోపలికెళ్ళి ఇస్క్రాకి ఫోన్ చేసింది.

"నా వంతు వెలిచ్కోకి ఇచ్చెయ్. ఇవాళే కాదు, ఇకమీదట కూడా రాను."

"ఏమైంది?"

"మిరపకాయలు."

"ఎన్ని బస్తాలు?" అంది ఇస్క్రా. చెప్పగానే ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నానికి భవనం వెనక పెరట్లో పెద్ద కాగు పొయ్యెక్కింది. మొదటి వాయి రుబ్బి, టమాటాలు కలిపి పోశాక స్టామెన్ తెడ్డు పట్టాడు. ఆ తెడ్డు ఇంకెవరికీ ఇవ్వడు. లూతెనిత్సా పచ్చడి తిప్పడం ఒక్క క్షణం ఆపితే అడుగంటుతుంది. పక్కింటివాళ్ళది ఎప్పుడో అడుగంటిందని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు.

అప్పుడొచ్చారు, కత్తులూ ఏప్రన్లూ పట్టుకుని. ముందు ఇస్క్రా. వెనక తేనెటీగలు పెంచే వెలిచ్కో, చంకలో ముక్కాలిపీట. ఆ వెనక మిగతావాళ్ళు.

"ఇదేమిటి?" అన్నాడు స్టామెన్.

"కాల్చిన మిరపకాయ వాసనొస్తే ఒలవడానికి పోవాలా వద్దా?" అంది ఇస్క్రా. "ఇన్నేళ్ళు పళ్ళు పీకిన చెయ్యి, తొక్కలు పీకలేదా?"

ఊరి ఆచారం. కాదనే నోరు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. నెవేనా కత్తి అందుకోబోతే వెలిచ్కో లాగేసుకున్నాడు. "మా చేతులు తొక్కలకి, నీ చేతులు కాగితాలకి. ఇవాళ వంతు నీది."

స్టామెన్ మొహం తిప్పుకుని తెడ్డు మరింత గట్టిగా తిప్పాడు. నెవేనా సంచిలోంచి కాగితాలు తీసింది. చదవడం మొదలుపెట్టింది.

కథలో ఒక రైల్వే మనిషి. పని మానేశాక కూడా, ఆ ఊళ్ళో ఆగని ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకి రోజూ కిటికీ దగ్గర టోపీ సర్దుకుని నిలబడతాడు. బండి కనిపించదు, చప్పుడే వినిపిస్తుంది. వెనక అంట్లు తోముతున్న భార్య ఆ వేళకి కుళాయి కట్టేస్తుంది, అతనికి చప్పుడు సరిగా వినపడాలని. చేతులు సబ్బుతో తడిసి ఉన్నా, ఎంత అలిసి ఉన్నా. బండి వెళ్ళిపోయాక మళ్ళీ తిప్పుతుంది. అతనికి ఈ సంగతి తెలీదు.

ఎవరూ నవ్వలేదు. ఇస్క్రా చేతిలో కాయ సగం ఒలిచి అలాగే ఉంది.

ముందు డోంకా ముక్కు పసిగట్టింది. "ఒరేయ్ నాయనా, అడుగంటుతోంది."

తెడ్డు కదలడం లేదు. స్టామెన్ దాన్ని పట్టుకుని నిలబడ్డాడంతే. కాగులోంచి సన్నగా మాడు వాసన లేచింది. జీవితంలో మొదటిసారి అతని కాగు అడుగంటింది.

"అంటనీ, అమ్మా," అన్నాడు బొంగురుగా. "నెవేనా, ఆపావేం? చదువు."

ఆ సాయంత్రం అందరూ వేడి సీసాలు ఒక్కొక్కటి చంకన పెట్టుకుని వెళ్ళారు. మాడు వాసన గురించి ఒక్కరూ నోరెత్తలేదు, ఇస్క్రా కూడా.

నెవేనా అంట్ల ముందు నిలబడింది. భుజాలు పీకుతున్నాయి. ఎక్స్‌ప్రెస్ వేళయింది. అలవాటుగా కుళాయి మీదికి చెయ్యి చాచింది. కానీ కిటికీ దగ్గర స్టామెన్ లేడు. తన పక్కన ఉన్నాడు. మిరపకాయల ఎరుపు వదలని వేళ్ళతో కుళాయి అతనే కట్టేశాడు.

దూరంగా చప్పుడు మొదలైంది, దగ్గరైంది, వెళ్ళిపోయింది. అంతసేపూ ఆమె కళ్ళు తుడుచుకోలేదు, చేతులు తడిగా ఉన్నాయి.

"వచ్చే శనివారం వంతు ఎవరిది?" అన్నాడు అతను.

"వెలిచ్కోది."

"నన్ను రానిస్తారా? రాయడం రాదు నాకు. తొక్కలైతే ఒలుస్తా."